క్రమరహిత అసమదైశిక రేణువుల నుంచి కాంతి పరిక్షేపణం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతూ, ప్రాజెక్టు కోసం పరిక్షేపణం (రేణువుకు తగిలి కాంతి అన్ని వైపులకూ చెదరడం) లెక్కలు చేపట్టేవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఉదాహరణలు చాలావరకు మన తీరపు ఇసుక, పొందూరు నూలు, టెక్కలి రాతిపొడి నుంచి తీసుకున్నవి. చేతికందే వస్తువు మీద లెక్క చేస్తే, వచ్చిన జవాబును కంటితో చూసి సరిపోల్చుకునే వీలుంటుంది.

ప్రశ్న: ఆకారం క్రమంగా లేకపోవడం, పదార్థం అసమదైశికంగా ఉండటం రెండూ ఒకటే కాదా?

కాదు. ప్రాజెక్టులు దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఆకారం రేణువు ఉపరితలానికి సంబంధించినది. అసమదైశికత లోపలి పదార్థానికి, అంటే విద్యుత్ క్షేత్రం ఏ దిశలో ఉందన్నదాన్ని బట్టి పదార్థం వేర్వేరుగా స్పందించడానికి సంబంధించినది. శ్రీకాకుళం తీరపు ఇసుకలో దొరికే ఖనిజాలను చూస్తే తేడా బాగా తెలుస్తుంది. గులాబీ ఛాయలో మెరిసే గార్నెట్ క్యూబిక్ స్ఫటికం కాబట్టి, దాని రేణువు ఎంత వంకరటింకరగా ఉన్నా పదార్థం మాత్రం సమదైశికమే. జిర్కాన్, రూటైల్ టెట్రాగోనల్ వ్యవస్థకు చెందినవి. వాటికి ఒకే దృక్ అక్షం (రెండు ధ్రువణాల కాంతీ ఒకే వేగంతో సాగే దిశ) ఉంటుంది, వక్రీభవన గుణకాలు రెండు. సిల్లిమనైట్‌కు దృక్ అక్షాలు రెండు, ప్రధాన గుణకాలు మూడు. మోనజైట్ మోనోక్లినిక్, దాని ప్రధాన అక్షాల్లో ఒక్కటి మాత్రమే స్ఫటిక సౌష్ఠవం వల్ల స్థిరంగా ఉంటుంది, మిగిలిన రెండూ తరంగదైర్ఘ్యంతో పాటు కొద్దిగా తిరగవచ్చు. ఇలా ఒకే గుప్పెడు ఇసుకలో ఆకారం మాత్రమే క్రమం తప్పినవి, ఆకారమూ పదార్థమూ రెండూ సమస్య తెచ్చేవి కలిసే ఉంటాయి.

కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందే ఆకారం, పదార్థపు టెన్సర్ (దిశను బట్టి మారే స్పందనను చెప్పే సంఖ్యల పట్టిక), కాంతి వచ్చే దిశతో పోలిస్తే రేణువు నిలిచిన తీరు అనే మూడింటినీ విడివిడిగా రాసుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న చర్చ ఆ తరువాతది. నా అభిప్రాయంలో మంచి ప్రాజెక్టుకూ, రంగుల గ్రాఫులు మాత్రమే ఉన్న ప్రాజెక్టుకూ తేడా ఈ మొదటి పేజీలోనే కనిపిస్తుంది.

ప్రశ్న: రేణువును గోళం అనుకుని లోరెంజ్–మీ సిద్ధాంతంతో లెక్కిస్తే ఎంత తప్పు వస్తుంది?

అది మీరు ఏ రాశిని అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. గుస్తావ్ మీ 1908లో ప్రచురించిన పరిష్కారం సమదైశిక గోళానికి ఖచ్చితమైనది. మొత్తం ఎక్స్‌టింక్షన్ (పరిక్షేపణం, శోషణం కలిపి కిరణం నుంచి తగ్గే కాంతి) ఎంత, శోషణం ఎంత అన్నవే ప్రశ్నలైతే, సమాన ఘనపరిమాణం ఉన్న గోళాలతో లెక్కించినా చాలా సందర్భాల్లో జవాబు దరిదాపుల్లోకి వస్తుంది. కోణాన్ని బట్టి కాంతి ఎలా పంచుకుపోతుందో కావాలంటే మాత్రం గోళం మోసం చేస్తుంది. ఖనిజ ధూళి పక్క దిశల్లోకి గోళం కంటే ఎక్కువ కాంతిని పంపుతుంది. సరిగ్గా వెనక్కి మాత్రం తక్కువ పంపుతుంది. ఇంద్రధనుస్సు వంటి పదునైన శిఖరాలు క్రమరహిత రేణువుల వక్రరేఖలో దాదాపు చెరిగిపోతాయి.

ధ్రువణంలో తేడా ఇంకా స్పష్టం. సమదైశిక గోళం మీద రేఖీయ ధ్రువిత కాంతి పడి సరిగ్గా వెనక్కి తిరిగి వస్తే, దాని ధ్రువణం ఏమీ చెదరదు. ఎడారి ధూళిని 532 నానోమీటర్ల లైడార్‌తో (లేజర్ కాంతిని పంపి వెనక్కి వచ్చినదాన్ని కొలిచే పరికరంతో) చూస్తే విధ్రువణ నిష్పత్తి, అంటే ధ్రువణం మారి వచ్చిన కాంతికీ మారకుండా వచ్చిన దానికీ ఉన్న నిష్పత్తి, 0.3 దగ్గర ఉంటుంది. సున్నా రావలసిన చోట 0.3 వస్తున్నప్పుడు, గోళపు వ్యాసాన్ని ఎంత సవరించినా ప్రయోజనం లేదు.

ప్రశ్న: విధ్రువణం కనిపించిందంటే ఆకారం క్రమంగా లేనట్టేనా?

అనలేము. కాల్సైట్‌ను నున్నని గోళంగా చెక్కినా అది ధ్రువణాన్ని చెదరగొడుతుంది, ఎందుకంటే లోపలి పదార్థమే రెండు ధ్రువణాలకు రెండు వేగాలను ఇస్తుంది. అణువుల స్థాయిలోనూ ఇదే జరుగుతుంది. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు పొడవాటివి కాబట్టి, స్వచ్ఛమైన గాలి నుంచి 90 డిగ్రీల కోణంలో వచ్చే కాంతి కూడా పూర్తిగా ధ్రువితం కాదు; విధ్రువణ నిష్పత్తి 0.03కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రామన్ బృందం 1920లలో ఎంతో శ్రమపడి కొలిచినది ఇలాంటి రాశులనే. 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం పరిశోధించిన విషయాల్లోనూ పరిక్షేపణం, అణువుల అసమదైశికత ఉన్నాయి. ఈ చర్చకు మన ప్రాంతంలో పాత పునాదే ఉందని చెప్పడానికే ఈ ప్రస్తావన.

కారణం ఆకారమా, పదార్థమా అని తేల్చాలంటే మూడు లెక్కలు చేయాలి: అసలు ఆకారం అసలు టెన్సర్‌తో, అదే ఆకారం సగటు గుణకంతో, సమాన ఘనపరిమాణపు గోళం అసలు టెన్సర్‌తో. మూడు వక్రరేఖలనూ ఒకే గ్రాఫులో గీస్తే, ఏ కోణంలో ఎవరి వాటా ఎంతో చాలావరకు కనిపిస్తుంది. వాటాలు కూడికలో కలవవన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: అసమదైశికతను ఎప్పుడు వదిలేయవచ్చు?

దీనికి జేబు లెక్క ఒకటుంది. రెండు గుణకాల మధ్య తేడాను రేణువు మందంతో గుణించి, తరంగదైర్ఘ్యంతో భాగించండి. వచ్చిన సంఖ్య, రెండు ధ్రువణాలు రేణువును దాటేసరికి ఒకదానికంటే మరొకటి ఎంత భాగం తరంగం వెనకబడిందో చెబుతుంది. ఆకుపచ్చ కాంతికి 0.55 మైక్రాన్లు తీసుకుందాం. క్వార్ట్జ్ గుణకాలు 1.544, 1.553, తేడా 0.009. ఒక మైక్రాన్ క్వార్ట్జ్ ధూళికి జవాబు 0.016, అంటే వదిలేయవచ్చు. కాల్సైట్‌కు 1.658, 1.486, అదే మందానికి జవాబు 0.31, వదిలేయడానికి వీల్లేదు. రూటైల్‌కు సుమారు 2.61, 2.90, అక్కడ సగం తరంగం దాటిపోతుంది. అయితే అదే క్వార్ట్జ్ 150 మైక్రాన్ల ఇసుక రేణువైతే తేడా దాదాపు రెండున్నర తరంగాలకు చేరుతుంది. ఖనిజం పేరు చూసి నిర్ణయించకూడదు, పరిమాణాన్ని కలిపి చూడాలి.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. హెమటైట్, గ్రాఫైట్ వంటి శోషక పదార్థాల్లో గుణకపు కాల్పనిక భాగం (శోషణాన్ని చెప్పే భాగం) కూడా దిశను బట్టి మారుతుంది. వాటికి దశాభేదం (పైన లెక్కించిన వెనకబాటు) ఒక్కటే చూస్తే చాలదు.

ప్రశ్న: ఏ గణన పద్ధతి ఎంచుకోవాలి?

ముందుగా పరిమాణ పరామితిని లెక్కించండి: రేణువు చుట్టుకొలతను తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేదే అది. ఒకటి కంటే బాగా తక్కువైతే, లోపలి దశాభేదం కూడా చిన్నదైతే, రేలీ పద్ధతి చాలు. టెన్సర్ ఉన్నా కాగితం మీదే తేలిపోతుంది. కొన్ని పదుల దాకా అయితే వివిక్త డైపోల్ పద్ధతి. వందలు దాటితే కిరణ ప్రకాశికి (కాంతిని సరళరేఖల్లో సాగే కిరణాలుగా చూసే లెక్క), దానికి వివర్తనాన్ని చేర్చుకుని.

టీ-మాత్రిక పద్ధతిని పీటర్ వాటర్‌మన్ 1965లో ప్రవేశపెట్టారు. స్ఫిరాయిడ్లు, సిలిండర్ల వంటి భ్రమణ సౌష్ఠవం ఉన్న ఆకారాలకు అది చాలా వేగవంతమైనది. రేణువు మాత్రికను ఒకసారి లెక్కిస్తే కాంతి ఏ దిశ నుంచి వచ్చినా అదే పనికొస్తుంది. విరిగిన రాయిలాంటి ఆకారానికీ, అసమదైశిక పదార్థానికీ సాధారణంగా దొరికే ప్రోగ్రాములు మాత్రం పనికిరావు. కేన్ యీ 1966లో చూపిన కాల-క్షేత్ర పరిమిత భేద పద్ధతి ఒక్క పరుగులోనే అనేక తరంగదైర్ఘ్యాలకు జవాబిస్తుంది. కానీ ఆ జాలకంలో విద్యుత్ క్షేత్రపు మూడు భాగాలూ మూడు వేర్వేరు బిందువుల్లో ఉంటాయి కాబట్టి, టెన్సర్ వాలుగా ఉంటే ఒక భాగం విలువను మరొక భాగం ఉన్న చోటికి అంతర్వేశనం చేయవలసి వస్తుంది. మొదటిసారి చేసేవారికి డైపోల్ పద్ధతినే సూచిస్తాను.

ప్రశ్న: డైపోల్ పద్ధతిలో అసలు జరిగేదేమిటి? నా ల్యాప్‌టాప్ సరిపోతుందా?

రేణువును క్రమమైన ఘన జాలకంలో ఉన్న బిందు డైపోల్‌లుగా మారుస్తారు. ఒక్కొక్క డైపోల్ బయటి కాంతికీ, మిగతా డైపోల్‌లన్నిటి క్షేత్రానికీ స్పందిస్తుంది. ఈ పరస్పర స్పందనను రేఖీయ సమీకరణాలుగా రాసి పునరుక్తి పద్ధతిలో సాధిస్తారు. ఎడ్వర్డ్ పర్సెల్, కార్ల్‌టన్ పెనీప్యాకర్ 1973లో దీన్ని నక్షత్రాంతర ధూళికి వాడారు; తరువాత బ్రూస్ డ్రెయిన్, పయోటర్ ఫ్లాటౌ అందరికీ అందుబాటులో ఉండే డీడీస్కాట్ ప్రోగ్రాముగా తీర్చారు. ఏడీడీఏ అనే మరో ఉచిత ప్రోగ్రాము, లెక్కను అనేక ప్రాసెసర్ల మీద పంచుకుని చేస్తుంది. సమదైశిక పదార్థమైతే డైపోల్‌కు ఒక సంఖ్యతో పోలరైజబిలిటీ (క్షేత్రానికి ఎంతగా స్పందిస్తుందో తెలిపే రాశి) చెప్పవచ్చు, అసమదైశికమైతే మూడు ప్రధాన విలువలున్న టెన్సర్ ఇవ్వాలి. సమీకరణాల సంఖ్య పెరగదు. ఈ పద్ధతి మన పనికి నప్పడానికి అసలు కారణం ఇదే.

ఇక కంప్యూటర్ సంగతి. పదార్థం లోపలి తరంగదైర్ఘ్యానికి కనీసం పది డైపోల్‌లు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. క్వార్ట్జ్‌కు 0.55 మైక్రాన్ల కాంతిలో డైపోల్‌ల మధ్య దూరం 0.036 మైక్రాన్లు అవుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు అడ్డంగా 28 డైపోల్‌లు. గోళమైతే మొత్తం 11,500 చిల్లర. ఒక్కొక్క దానికి మూడు తెలియని రాశులు కాబట్టి మాత్రిక మొత్తాన్ని మెమరీలో పెడితే సుమారు 19 గిగాబైట్లు కావాలి. ఎవరూ అలా పెట్టరు. జాలకం క్రమంగా ఉండటం వల్ల మాత్రిక గుణకారాన్ని వేగవంతమైన ఫోరియర్ పరివర్తనతో చేస్తారు. ఆ ఉపాయంతో ఈ లెక్క మామూలు ల్యాప్‌టాప్ మీద అవలీలగా సాగుతుంది. ఐదు మైక్రాన్లకు పెట్టెలో 27 లక్షల బిందువులు పడతాయి. కాస్త మంచి యంత్రం, కాస్త ఓపిక కావాలి. 150 మైక్రాన్ల ఇసుక రేణువుకు అడ్డంగా 4,200, పెట్టెలో 7,400 కోట్లు. ఒక్క క్షేత్ర సదిశను దాచడానికే 3.5 టెరాబైట్లు పడుతుంది. మన ఇసుక రేణువు మొత్తాన్ని ఈ పద్ధతిలో లెక్కిస్తామని ప్రతిపాదన రాసేవారు ముందు ఈ గుణకారం చేసుకోవాలి. టెక్కలి క్వారీల నీలి గ్రానైటు కోసినప్పుడు లేచే సన్నని ధూళి మాత్రం ఈ పద్ధతికి సరిగ్గా అమరుతుంది.

ప్రశ్న: స్ఫటిక అక్షం రేణువు అక్షానికి వాలుగా ఉంటే టెన్సర్‌ను ఎలా ఇవ్వాలి?

విరిగిన రేణువులో రెండు అక్షాలూ కలిసి ఉండాలన్న నియమమేమీ లేదు. సూత్రప్రాయంగా, టెన్సర్‌ను భ్రమణ మాత్రికతో ఒకవైపు, దాని ట్రాన్స్‌పోజ్‌తో మరొకవైపు గుణించి తిప్పుతారు. ఏడీడీఏ రేణువు అక్షాల వెంట వికర్ణంగా ఉన్న టెన్సర్‌ను మాత్రమే తీసుకుంటుంది. అందుకని టెన్సర్‌ను తిప్పకుండా ఆకారపు ఫైలును తిప్పండి: స్ఫటిక అక్షాన్ని నిలువు అక్షంగా స్థిరపరచి, దాని చుట్టూ ఆకారాన్ని వాల్చి, కొత్తగా డైపోల్‌లుగా విడగొట్టండి. ఒకే రేణువులో అక్షం చోటును బట్టి మారుతుంటే ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడు ఒక్కొక్క డైపోల్‌కు విడిగా కోణాలు ఇవ్వనిచ్చే డీడీస్కాట్ వైపు వెళ్లాలి.

ప్రశ్న: సగటు వక్రీభవన గుణకం వాడితే సరిపోదా?

చాలా చిన్న గోళాలు అన్ని దిశల్లోనూ సమానంగా చెదిరి ఉంటే, దృక్ అక్షం వెంట ఉన్న గుణకంతో చేసిన లెక్కకు మూడింట ఒక వంతు, దానికి అడ్డంగా ఉన్న గుణకంతో చేసిన దానికి మూడింట రెండు వంతులు బరువిచ్చి శోషణాన్ని కలిపితే సరైన జవాబే వస్తుంది. ఇక్కడ కలిపేది ఫలితాలను. గుణకాలను ముందే సగటు చేసి ఒక్కసారి లెక్కించడం వేరు. రేణువు తరంగదైర్ఘ్యంతో సమానమయ్యే కొద్దీ మొదటి పద్ధతి కూడా ఉజ్జాయింపే అవుతుంది. విధ్రువణం కావాలనుకునేవారు ఈ దారి పట్టకపోవడం మేలు.

ప్రశ్న: క్రమరహిత ఆకారాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

సూక్ష్మ సీటీ స్కాన్ దొరికితే అంతకంటే మంచిది లేదు. దొరకకపోతే యాదృచ్ఛిక గాసియన్ గోళాన్ని వాడవచ్చు. కారి ముయినోనెన్ బృందం 1996లో వివరించిన ఈ నమూనాలో, ఉపరితలపు ఎత్తుపల్లాలను రెండు మూడు సంఖ్యలతో అదుపు చేయవచ్చు. ఇలాంటి ఆకారం ఒక్కటే తీసుకుని దాని ఫలితాన్ని ఇసుకంతటికీ అంటగట్టకూడదు. ఒకే గణాంకాలతో అనేక ఆకారాలు పుట్టించి, సగటునూ చెదురునూ రెండింటినీ చూపాలి. గాలిలోని ధూళిని నేల మీద నుంచి కొలిచే ఏరోనెట్ కేంద్రాల విశ్లేషణలో స్ఫిరాయిడ్ల మిశ్రమాన్ని వాడతారు. అది ఆకాశపు కొలతలకు సరిపడే ప్రతినిధి మాత్రమే, ధూళి నిజంగా కోడిగుడ్డులా ఉందని దాని అర్థం కాదు.

ప్రశ్న: దిశల సగటు ఎప్పుడు తీసుకోవాలి? పొందూరు నూలుకు పనికొస్తుందా?

గాలిలో దొర్లుతూ తిరిగే ధూళికి అన్ని దిశలూ సమాన సంభావ్యతతో ఉంటాయని అనుకోవడం సబబే. దానికి తోడు ప్రతి ఆకారానికీ అద్దంలో కనిపించే జత కూడా సమాన సంఖ్యలో ఉందనుకుంటే, కాంతి తీవ్రత, ధ్రువణం ఎలా మారతాయో చెప్పే పదహారు మూలకాల పరిక్షేపణ మాత్రికలో ఎనిమిదే మిగులుతాయి, వాటిలో స్వతంత్రమైనవి ఆరు. ప్రయోగశాలలో కొలిచేవి సాధారణంగా ఈ ఆరే.

పొందూరు ఖద్దరుకు ఆ ఊహ చెల్లదు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి వచ్చేసరికి పోగులు ఒకే వైపు ఒరుగుతాయి, వడికాక ఇంకా దగ్గరగా ఒరుగుతాయి. కాబట్టి నూలు కట్ట దిశ ఉన్న సముదాయం. లేజర్ కిరణం నూలు వెంట ధ్రువితమైందా, అడ్డంగా ధ్రువితమైందా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఒక్క పోగును దగ్గరగా చూస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఎండిన పత్తి పోగు గుండ్రని తీగ కాదు, మెలితిరిగిన చదునైన నాడా. పొడవు వెంట దాని గుణకం సుమారు 1.58, అడ్డంగా 1.53. పది మైక్రాన్ల మందానికి ఈ తేడా అర మైక్రాన్ దాకా, అంటే దాదాపు ఒక తరంగం అవుతుంది. దానికి తోడు లోపలి సెల్యులోజ్ తంతువులు పోగు అక్షానికి సుమారు 20 నుంచి 30 డిగ్రీల కోణంలో సర్పిలంగా చుట్టుకుంటాయి. ఆ చుట్టు దిశ అక్కడక్కడ తిరగబడుతుంది కూడా. అనంతమైన సమదైశిక సిలిండర్ నమూనా వివర్తన చారల మధ్య దూరాన్ని బాగానే చెబుతుంది, ధ్రువణాన్ని చెప్పదు. ప్రాజెక్టుకు మంచి విషయం కావాలనేవారికి నేను ఇసుక కంటే ముందు దీన్నే చెబుతాను. మన జిల్లాది కావడం ఒక్కటే దానికి కారణం కాదు. ఆకారం, టెన్సర్, దిశ అనే మూడు చిక్కులూ ఒక్క పోగులోనే ఉన్నాయి.

ప్రశ్న: వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చా?

పరీక్ష లేకుండా నమ్మకండి. అదే జాలక దూరంతో సమదైశిక గోళాన్ని లెక్కించి లోరెంజ్–మీ జవాబుతో పోల్చడం మొదటి పని. తరువాత డైపోల్ దూరాన్ని సగం చేసి, వక్రరేఖ ఎంత కదిలిందో చూడాలి. ముందు దిశలో కదలకపోయినా వెనక దిశలో కదలడం మామూలే. శోషణం లేని పదార్థానికి ఎక్స్‌టింక్షన్, మొత్తం పరిక్షేపణం సమానంగా రావాలి. టెన్సర్ సౌష్ఠవంగా ఉన్నప్పుడు కాంతి వచ్చే, వెళ్లే దిశలను తారుమారు చేసినా వ్యుత్క్రమ నియమం నిలవాలి. టెన్సర్‌ను తిప్పడంలో గుర్తు తప్పితే ఈ పరీక్షలో బయటపడే అవకాశం ఎక్కువ. చివరగా, అసమదైశిక గోళాన్ని దాని దృక్ అక్షం చుట్టూ తిప్పి చూడండి. జవాబు మారితే తప్పు జాలకానిదో మీ ఫైలుదో అయి ఉంటుంది.

ప్రశ్న: ఖరీదైన పరికరాలు లేకుండా దీన్ని కంటితో చూడగలమా?

చూడవచ్చు. రెండు పోలరాయిడ్ రేకులు, గాజు పలక, పదిరెట్లు పెద్దది చేసే కటకం, ఫోను లైటు చాలు. కళింగపట్నం ఒడ్డున తెచ్చిన చిటికెడు ఇసుకను కడిగి ఆరబెట్టి, పలక మీద పలుచగా చల్లి, ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రేకుల మధ్య ఉంచండి. క్వార్ట్జ్ రేణువులు గులాబీ, ఆకుపచ్చ అంచులతో వెలుగుతాయి; ఆ రంగు చారలు రేణువు మందం తగ్గే వాలును అనుసరించి వంగుతాయి. పలకను మెల్లగా తిప్పితే ఒక్కొక్క రేణువు ఆరిపోయి వెలుగుతుంది. ఏ కోణంలోనూ వెలగని పారదర్శక గులాబీ రేణువు కనబడితే అది గార్నెట్ కావచ్చు. నల్లని ఇల్మనైట్ అపారదర్శకం కాబట్టి అదీ వెలగదు. రెండింటికీ కారణాలు వేరు.

ఇప్పుడు ఇసుక మీద లవంగ నూనె చుక్క వేయండి. దాని గుణకం 1.53 దగ్గర ఉంటుంది కాబట్టి, రేకులు లేకుండా చూస్తే క్వార్ట్జ్ అంచులు దాదాపు మాయమవుతాయి. ఆకారం వల్ల వచ్చే పరిక్షేపణం అణగిపోయిందన్నమాట. రేకులు తిరిగి అడ్డం పెడితే అదే రేణువు మునుపటిలాగే వెలుగుతుంది. గార్నెట్ అంచు నూనెలోనూ స్పష్టంగా కనిపిస్తుంది, రేకుల మధ్య మాత్రం చీకటే. మొదటి ప్రశ్నలో చెప్పిన విభజన ఈ ఒక్క చుక్కతో కంటికి కనిపిస్తుంది.

ప్రశ్న: పెద్ద రేణువులకు కిరణ ప్రకాశికి వాడితే అసమదైశికత సమస్య తప్పుతుందా?

తప్పదు, రూపం మారుతుంది. ద్వివక్రీభవన స్ఫటికంలోకి వెళ్లిన కిరణం రెండుగా చీలుతుంది. లోపల పరావర్తనం జరిగిన ప్రతిసారీ ఒక్కొక్కటి మళ్లీ రెండవుతుంది. పది పరావర్తనాలకే వెయ్యికి పైగా కిరణాలు. అందుకే ప్రతి చీలిక దగ్గర శక్తికి అనుగుణమైన సంభావ్యతతో ఒక్క కిరణాన్నే ఎంచుకునే మాంటీ కార్లో పద్ధతి వాడతారు. అసాధారణ కిరణంలో శక్తి ప్రవహించే దిశ, తరంగాగ్రపు లంబం ఒకటి కావని మరచిపోకూడదు.

ప్రశ్న: ఒక్క రేణువు లెక్క ఇసుక మేట మొత్తానికి వర్తిస్తుందా?

నేరుగా వర్తించదు. రేణువులు దూరదూరంగా ఉంటే ఒక్క రేణువు పరిక్షేపణ మాత్రికను వికిరణ ప్రసార సమీకరణంలో పెట్టి బహుళ పరిక్షేపణాన్ని లెక్కించవచ్చు. ధ్రువణాన్ని కూడా కలిపి ఈ సమీకరణాన్ని పరిష్కరించే దారిని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ చూపారు. ఒకదానినొకటి ఆనుకుని ఉన్న ఇసుకలో పక్క రేణువు దూర క్షేత్రంలో (చెదిరిన కాంతి మామూలు గోళ తరంగంగా మారేంత దూరంలో) ఉండదు, కాబట్టి ఆ సమీకరణపు మొదటి ఊహే చెదిరిపోతుంది. చుట్టూ ఉన్న మాధ్యమం కూడా లెక్కను మారుస్తుంది. అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక నల్లబడేది అందుకే: రేణువుల మధ్య గాలికి బదులు నీరు చేరితే క్వార్ట్జ్ సాపేక్ష గుణకం 1.54 నుంచి 1.16కు పడిపోతుంది, ఒక్కొక్క పరిక్షేపణం ముందుకే ఎక్కువ కాంతిని పంపుతుంది, కాంతి లోతుకు దిగి బయటపడేలోగా ఎక్కువ శోషణ జరుగుతుంది. తడి నమూనాకు లెక్క చేసేవారు గుణకంతో పాటు తరంగదైర్ఘ్యాన్ని కూడా నీటిలోని విలువకు మార్చాలి. గుణకాన్ని మార్చి తరంగదైర్ఘ్యాన్ని గాలిలోనిదే వదిలేస్తే, పరిమాణ పరామితి నాలుగో వంతు మేర తక్కువగా లెక్కకొచ్చినా ప్రోగ్రాము ఏ హెచ్చరికా ఇవ్వదు.